దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెడితే

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి విజయవాడ వైపు పోతుంటే ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటాక బాటసింగారం వస్తుంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడికి తరలి వచ్చాక, మామిడికాయల కాలంలో ఈ ఊరి పేరు పేపర్లలో తరచూ కనిపిస్తోంది. మార్కెట్లో కాయ కొనేవాడు పెట్టెలో పైవరస చూసి ఊరుకోడు. చెయ్యి అడుగుదాకా పోనిచ్చి ఒక కాయ బయటికి లాగుతాడు, తొడిమ దగ్గర నొక్కుతాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ఎవరూ తప్పుపట్టరు, డబ్బు పెడుతున్నాడు కదా! అదే కాయ ఊరికే ఇచ్చినప్పుడు నొక్కి చూడమనండి. ‘దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టినట్టుంది’ అనేస్తారు.

పుచ్చుకునేవాడి నోరు కట్టేసే సామెత ఇది. తెలుగునేల మీద దానధర్మాలు న్యాయం వైపు ఎలా నడిచాయని వెనక్కి తిరిగి చూస్తే, ఆవు పళ్ళు లెక్కపెట్టే హక్కును పుచ్చుకునేవాళ్ళు కొద్దికొద్దిగా సంపాదించుకున్న కథే కనిపిస్తుంది. హక్కు ఒక్కటే ఉంటే సరిపోదు. పళ్ళు చూసి ఆవు వయసు చెప్పడం ఒక విద్య, అది పదిమంది కూర్చుని ఒకరికొకరు నేర్పుకుంటేనే వస్తుంది. ఈ కథలోని పెద్ద మజిలీలు మూడు కోఠి నుంచి పోచంపల్లి దాకా ఈ తూర్పు దారిలోనే ఉన్నాయి.

శాసనాల్లో వినిపించని గొంతు

పాత దానశాసనం ఏది చదివినా వరస దాదాపు ఒకటే. దాత వంశం, తిథి, నక్షత్రం, ఇచ్చిన భూమికి నాలుగు దిక్కుల హద్దులు, చివర దాన్ని హరించినవాడికి పట్టే పాపం. పుచ్చుకున్నవాడు గోత్రనామాలతో కనిపిస్తాడు కానీ నోరు విప్పడు. పాత్రుడెవరో, అపాత్రుడెవరో తేల్చేది ఇచ్చేవాడే. దశబంధ మాన్యం లాంటివి కొంచెం వేరు. చెరువు తవ్వించి దాని బాగోగులు చూసేవాళ్ళకు దక్కే భూమి కాబట్టి అక్కడ ఇవ్వడానికీ పనికీ ముడి ఉంది.

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841–1909) కులం అడక్కుండా, వేళ చూడకుండా వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టింది. ఔదార్యానికి అంతకన్నా ఎత్తు లేదు. అయినా మనిషి మళ్ళీ ఆకలితో ఎందుకు గుమ్మం ముందుకు రావలసి వస్తోందన్నది అన్నదానం విప్పగల ముడి కాదు. ఆ ముడి విప్పడానికి పుచ్చుకునేవాడి మాట కావాలి, ఆ మాటకు ఒక చోటు కావాలి.

కోఠిలో చందా పుస్తకం

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివాళ్ళు దాని వెనక ఉన్నారు. ధనవంతుల చేయి లేకుండా ఆ గ్రంథాలయం పుట్టేది కాదు. కానీ చందా కట్టిన సభ్యుడు అక్కడ కేవలం పుచ్చుకునేవాడు కాదు. ఏ పుస్తకం కొనాలో అడగగలడు, సభలో లేచి లెక్క చెప్పమనగలడు. సభ పెట్టుకోవడానికే సర్కారు అనుమతి కావలసిన నిజాం రాజ్యంలో చాలామంది తెలుగువాళ్ళు పదిమందిలో మాట్లాడటం నేర్చుకున్నది ఇలాంటి చోట్లే.

కోస్తాలో ఇదే పని ఉద్యమమైంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ప్రాణం. 1935లో పాతూరి నాగభూషణం కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టంతో ఇంటిపన్ను మీద గ్రంథాలయ పన్ను వచ్చింది. దాత దయగా మొదలైనది చందాగా మారి, చివరికి పన్నుగా స్థిరపడింది. పన్ను కట్టినవాడు ‘మా ఊరి గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు ఎందుకు రాలేదు?’ అని దబాయించి అడగొచ్చు. దాతను అలా అడగగలమా?

అయితే ఈ చందా పుస్తకంలోకి ఎవరి పేరు ఎక్కుతుందన్న ప్రశ్న అప్పుడే ఉంది. 1918లో రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ వచ్చింది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఎందరో అక్కడ చదివి పైకొచ్చారు. కానీ కులం పేరు మీద సాగే దాతృత్వం అప్పటికే నిలదొక్కుకున్నవాళ్ళకు ముందు అందుతుంది. దాతలే లేని కులాల పిల్లల సంగతేమిటి?

కోఠి దిగి మలక్‌పేట వైపు వస్తే చాదర్‌ఘాట్. ఆ ప్రశ్నకు భాగ్యరెడ్డి వర్మ ఇక్కడి ఆది హిందూ భవన్ కేంద్రంగా జవాబు చెప్పారు. 1906లో ఆయన జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు చేతిలో ఉన్న పనిముట్టు హరికథ. పేటల్లో రాత్రిపూట జనం పోగయ్యేది దానికే. 1910 నుంచి బడులు మొదలుపెట్టారు. 1933 నాటికి 26 బడుల్లో రెండున్నర వేల మంది దాకా పిల్లలు చదువుకునేవాళ్ళు. దాతలను ఆయన కాదనలేదు. ముందు సంఘం కట్టి, ఆ సంఘం తరఫున అడిగారు. ఒంటరిగా వచ్చి చెయ్యి చాచిన మనిషినీ, తీర్మానం చేసుకుని వచ్చిన సంఘాన్నీ ఎదుటివాడు ఒకేలా చూడడు.

పోచంపల్లి సాయంత్రం

1951 మార్చి 8న వార్ధా నుంచి కాలినడకన బయల్దేరిన వినోబా భావే ఏప్రిల్‌లో హైదరాబాదు శివార్లలోని శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి చేరుకున్నారు. అప్పటికి అయిదేళ్ళుగా తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తోంది. వెట్టికీ దొరతనానికీ ఎదురుతిరిగిన పల్లెలు ఒకపక్క, పోలీసు క్యాంపులు ఇంకోపక్క. ‘భూమి ఎవరిది?’ అన్న ప్రశ్నను అడిగింది ఆ పోరాటమే, వినోబా కాదు. నల్లగొండ జిల్లాలో రావి నారాయణరెడ్డి వంటి నాయకుడు తన సొంత భూమినే పేదలకు పంచి ఆ ప్రశ్నకు బలం తెచ్చాడు. ఈ వరస మరిచిపోతే భూదానం గాల్లోంచి ఊడిపడినట్టు కనిపిస్తుంది.

వినోబా హైదరాబాదు జైల్లో కమ్యూనిస్టు ఖైదీలను కలిసి, ఏప్రిల్ 15న తూర్పు దిక్కుగా నడక మొదలుపెట్టారు. 18న పోచంపల్లి చేరారు. సుమారు 700 ఇళ్ళ ఊరది. మూడింట రెండు వంతుల ఇళ్ళకు భూమి లేదు. దళితవాడకు వెళ్ళి ఆయన వేసిన ప్రశ్న, దానం చరిత్రలో అరుదుగా వినిపించేది: మీకేం కావాలి? ఎంత కావాలి?

40 కుటుంబాలు మాట్లాడుకుని జవాబు చెప్పాయి: 80 ఎకరాలు కావాలి, 40 తరి, 40 ఖుష్కి. ఆ జవాబులో ఎంత ఆలోచన ఉందో చూడండి. ఇంటికి రెండెకరాలు, అందులో ఒకటి నీళ్ళ కింద వరికి, ఒకటి వానమీద పండే జొన్నకో ఆముదానికో. చెరువు నిండని ఏడు కూడా పొయ్యి ఆరకుండా ఉండాలన్న లెక్క అది. దొరల పొలాల్లో తరతరాలుగా దున్నినవాళ్ళకు ఏ మట్టి ఎంత పండుతుందో తెలియదా? కలిసి సాగు చేసుకుంటామని కూడా మాట ఇచ్చారు.

సర్కారు నుంచి ఇంత భూమి రావాలంటే ఎన్నాళ్ళు పడుతుందో! ఊళ్ళో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా సభలో అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు, సగం తరి, సగం ఖుష్కి. 51 రోజుల్లో 200 ఊళ్ళు తిరిగేసరికి తెలంగాణలో 12 వేల ఎకరాలు దాటాయి. మీకు అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిగా లెక్కేసి భాగం పెట్టండని ఆయన అడిగేవారు. దానమంటే సంవిభాగమని, అంటే సరిగా పంచుకోవడమని శంకరాచార్యులు చెప్పిన అర్థాన్ని గుర్తు చేసేవారు. బిచ్చం అడిగే గొంతు కాదది, అన్నదమ్ముల వాటా అడిగే గొంతు.

ఆ తర్వాత ఉద్యమం దేశమంతా పాకింది. 1957 నాటికి 5 కోట్ల ఎకరాలు సేకరించాలని లక్ష్యం పెట్టుకుంటే, 40 లక్షల ఎకరాలకు కాస్త పైన ఆగింది. వచ్చినదాంట్లో రాళ్ళగుట్టలు, చవిటి నేలలు, తగాదాల్లో నలుగుతున్న పట్టాలు చాలా ఉన్నాయి. పోచంపల్లిలో మొదటి రోజు అడిగిన ‘ఎంత కావాలి, ఎలాంటిది కావాలి’ అన్న ప్రశ్న, ఊరు మారేకొద్దీ ‘ఎంత ఇస్తారు’ అన్న ప్రశ్నగా మారిపోయింది. ఏ సర్వే నంబరు ఇవ్వాలో దాత ఇష్టం. పుచ్చుకునేవాడికి పళ్ళు చూసే వీల్లేకపోయింది. 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చినా, నగరం ఇటువైపు పెరిగి ఎకరం కోట్లలోకి ఎగబాకాక హైదరాబాదు చుట్టూ ఉన్న భూదాన భూములు ఎన్నో ఆక్రమణలకూ కోర్టు కేసులకూ చిక్కాయి. దానం జరిగిన మర్నాడు ఆ భూమిని కనిపెట్టి ఉండే సంఘం ఊళ్ళో లేకపోతే కాగితం ఒక్కటే ఏం కాపాడుతుంది?

ముగ్గుతో గీసిన ఊరు

భూదానం మరిచిన పాఠాన్ని మళ్ళీ పట్టుకున్నది ఆడవాళ్ళు. 1983లో జహీరాబాద్ ప్రాంతం పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని దళిత మహిళా సంఘాలు పడావు పడిన భూముల్ని సాగులోకి తెచ్చి ఊరి ధాన్యనిధి పెట్టుకున్నాయి. జొన్నలు ఏ ఇంటికి ఎన్ని ఇవ్వాలో పైనుంచి వచ్చిన జాబితా చెప్పదు, ఊరే కూర్చుని తేలుస్తుంది.

ఆ తేల్చడం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూస్తేనే తెలుస్తుంది. రచ్చబండ దగ్గర నేల ఊడ్చి ముగ్గుపిండితో ఊరి పటం గీస్తారు. ఇక్కడ చెరువు, ఇక్కడ బడి, ఇది మాలవాడ, ఇది గొల్లోళ్ళ వీధి. ప్రతి ఇంటి గడిలో చింతగింజలు పెడతారు. ‘ఆమెకు రెండెకరాలుందిగా, పైవరసలో పెట్టు’ అని ఒకావిడ అంటే, ‘భూమైతే ఉంది, బోరు ఎండి మూడేళ్ళయింది, మొగుడు పట్నం పోయి మళ్ళా రాలేదు’ అని ఇంకో గొంతు లేస్తుంది. గింజ కిందికి జరుగుతుంది. తెల్లకార్డు, ఎకరాల లెక్క చూసే గుమాస్తాకు ఈ సంగతి ఎక్కడ దొరుకుతుంది? అక్షరం రాని మనిషి కూడా ఈ పటాన్ని చదవగలదు, తప్పుంటే వేలితో చెరిపి దిద్దగలదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీక్ష కోసం రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు వాచకంలో తాగుడు గురించిన కథ చదివి, చర్చించుకుని, సారా దుకాణం మూయించారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచింది. సారా మీద పోయే డబ్బు పొదుపు సంఘాల్లోకి మళ్ళింది. 1990ల మధ్య కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి సాయంతో జరిగిన ప్రయోగం, 2000 తర్వాత వెలుగు పథకంగా విస్తరించింది. సంఘాల మీద గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. నిధులు రాకముందే ‘పేదల్లో పేదలు’ ఎవరన్నది ఊరి సభలో తేలాలన్నది నియమం.

నేర్చుకునే సమాజమన్న మాటకు అసలైన రూపం ఇక్కడ కనిపిస్తుంది. సంఘంలో చేరి అప్పు తీర్చి, నిలదొక్కుకున్న ఆడవాళ్ళే సీఆర్పీలుగా (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) జట్టుకట్టి, సంచీ సర్దుకుని వేరే ఊరు వెళ్ళి రెండు వారాలు మకాం పెట్టేవాళ్ళు. తీర్మానాల పుస్తకం ఎలా రాయాలో, వడ్డీ ఎలా కట్టాలో, ఎవరైనా వాయిదా తప్పితే ఇంటిమీదికి పోకుండా ఎలా మాట్లాడాలో చెప్పేవాళ్ళు. ఆఫీసరు చెబితే తలూపే మనిషి, తనలాంటి ఆవిడ చెబితే ఎదురు ప్రశ్న వేస్తుంది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక ఈ తెలుగు ఆడవాళ్ళు బీహార్ పల్లెల దాకా వెళ్ళి నేర్పారు.

ఈ దారిలో దెబ్బలూ ఉన్నాయి. సంఘం అలవాటు చేసిన క్రమశిక్షణను వాడుకుని సూక్ష్మరుణ కంపెనీలు ఒకే ఇంటికి నాలుగైదు అప్పులు అంటగట్టాయి. వసూళ్ళ ఒత్తిడి ప్రాణాల మీదికి వచ్చింది. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పుస్తకం రాయడం నేర్చుకున్న సంఘాలకు, బయటివాడి లెక్కను కూడా నిలదీయడం నేర్చుకోవాలని అప్పుడు తెలిసొచ్చింది.

ఇచ్చేవాళ్ళ బడి

నేర్చుకోవలసింది పుచ్చుకునేవాళ్ళేనా? మన రంగారెడ్డి జిల్లాలోనే 1991 ప్రాంతంలో ఎం.వి. ఫౌండేషన్ వెట్టి పిల్లలతో పని మొదలుపెట్టింది. పేదరికం తీరితే తప్ప తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపరన్నది అప్పటి చదువుకున్నవాళ్ళ నమ్మకం. పల్లెల్లో కూర్చుని మాట్లాడాక, అవకాశముంటే పంపడానికి వాళ్ళు సిద్ధంగానే ఉన్నారని ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా బృందం గ్రహించి తన దారి మార్చుకుంది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. సాయం చేసే సంస్థ ముందుగా తానే పాఠం దిద్దుకున్న ఉదాహరణ ఇది.

2014 ఏప్రిల్ నుంచి దేశంలో పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. డబ్బు ఎంతన్నది చట్టం తేల్చింది. ఎక్కడ, దేనికి అన్నది ఇంకా కంపెనీ బోర్డు చేతిలోనే ఉంది. ఇటు చలికాలం రాత్రి ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కింద దుప్పట్లు పంచే కుర్రాళ్ళ మనసు మంచిదే. కానీ అక్కడ పడుకునే అడ్డాకూలీకి కావలసింది మూడో దుప్పటా, రాత్రిపూట తాళం వేసుకునే చిన్న పెట్టా అని ఒక్కరైనా అడిగారా? బాటసింగారం హమాలీ, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో పోటీ పరీక్షకు చదివే పాలమూరు పిల్ల, చందా ఇచ్చే షాపు యజమాని నెలకోసారి ఒకే చాప మీద కూర్చుని, పోయిన నెల ఇచ్చినది పనికొచ్చిందా అని లెక్క చూసుకుంటే అదే చాలా పెద్ద బడి. దానికి కావలసిన సరంజామా ఎప్పటినుంచో మన దగ్గర ఉంది: ఒక తీర్మానాల పుస్తకం, కాస్త ముగ్గుపిండి, గుప్పెడు చింతగింజలు.

పోచంపల్లి గురించి ఎవరిని కదిపినా 100 ఎకరాల మాటే చెబుతారు. అది ఇచ్చినవాడి అంకె. అంతకు కాసేపటి ముందు వాడలో 40 కుటుంబాలు తరికింత, ఖుష్కికింత అని తేల్చుకున్న 80 ఎకరాల అంకె ఒకటుంది. ఆవు గుమ్మం ముందుకు రాకముందే దాని పళ్ళెన్ని ఉండాలో చెప్పిన అంకె అది. బాటసింగారం దాటి పోచంపల్లి దారి పట్టినప్పుడల్లా నాకు గుర్తుకొచ్చేది ఆ 80.