బూడిదరంగు ఫెర్గూసన్: నీళ్లు ఎటు పోతున్నాయి?

మన ఊళ్లలో మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్ నడపనివాళ్లు ఉంటారు గానీ చూడనివాళ్లు ఉండరు. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ దాన్ని మన పొలాలకు తెచ్చింది. దాని తాతలాంటి ట్రాక్టర్ ఆస్ట్రేలియా రైతులకు బాగా తెలుసు. పేరు టీఈ20, ముద్దుపేరు గ్రే ఫెర్గీ.

మనం ఉండే రౌస్ హిల్ కూడా ఒకప్పుడు పొలాలే. 1813లో రిచర్డ్ రౌస్ కట్టడం మొదలుపెట్టిన ఇల్లు, దాని పొలం ఇప్పుడు మ్యూజియం. 2019లో మెట్రో రైలు కూడా వచ్చింది.

ఇంగ్లండులోని కోవెంట్రీలో 1946 నుంచి 1956 వరకు 5 లక్షలకు పైగా గ్రే ఫెర్గీలు తయారయ్యాయి. హిల్లరీ బృందం 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది ఈ ట్రాక్టర్ల మీదే. మొదట్లో దీనికి అమెరికా కాంటినెంటల్ ఇంజన్ ఉండేది, తర్వాత స్టాండర్డ్ కంపెనీ ఇంజన్ వచ్చింది. మద్రాసులో తయారైన వాన్‌గార్డ్ కారుదీ ఇదే జాతి ఇంజన్.

ఈ స్టాండర్డ్ ఇంజన్‌లో లైనర్ల చుట్టూ నేరుగా నీళ్లే తిరుగుతాయి. లైనరు అడుగున ఉన్న పల్చని గాస్కెట్ పాడైతే నీళ్లు ఆయిల్ చాంబరులోకి దిగుతాయి. ఆయిలు పాలు కలిపిన కాఫీలా మారుతుంది. అనుమానం ఉంటే రాత్రంతా నిలిపి, పొద్దున్నే కింది బోల్టు కొంచెం వదులు చేయండి. నీరు బరువు కాబట్టి ముందు నీరే కారుతుంది. అది కనబడ్డాక "ఇంకొక్క సాలు" అని దున్నితే బేరింగులు పోతాయి.

ఆయిలు శుభ్రంగానే ఉండి నీళ్లు తగ్గుతుంటే పైన చూడాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేయండి. వేడిమీద తీస్తే ముఖం కాలుతుంది. బుడగలు ఆగకుండా వస్తుంటే కంప్రెషన్ నీళ్లలోకి పోతున్నట్టే. హెడ్ గాస్కెట్ కాలి ఉండాలి, లేదా హెడ్ పగిలి ఉండాలి.

తర్వాత కంప్రెషన్ గేజీ. ఇది మా గుమాస్తాలు ఖాతాలో తేడా వెతికినట్టే, ఒక్కో సిలిండరు లెక్క విడిగా చూడాలి. తక్కువున్న సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూడండి. లెక్క పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, గాస్కెట్టో. పక్కపక్క రెండూ తగ్గితే మధ్యలో గాస్కెట్ పోయిందని అనుమానించాలి.

నీళ్లలో లైనర్లు పెట్టడం తప్పని తిట్టేవాళ్లున్నారు. మా మటుకు అదే మేలు. లైనరు అరిగితే బ్లాకును బోరింగు షాపుకు మోయనక్కర్లేదు. పాతది పైకి లాగి, అడుగున తుప్పు గీకి, కొత్త గాస్కెట్‌తో కొత్తది దింపుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త: లైనరు అంచు బ్లాకుకంటే వెంట్రుకవాసి పైకి ఉండాలి. లోపలికి దిగితే హెడ్ గాస్కెట్ పట్టదు, బుడగలు మళ్లీ మొదలవుతాయి.