కంప్యూటరు ఒకటి, బ్రౌజర్లు రెండు

పదేళ్ల కిందట గోదావరి జిల్లాల్లో ఏ మీసేవ కేంద్రానికి వెళ్లినా కనిపించిన దృశ్యమే ఇది. కౌంటర్లో అమ్మాయి తన మెయిలు క్రోమ్‌లో చూసుకుంటూ ఉంటుంది. కుల ధ్రువీకరణ పత్రం కావాలని మీరు అడగ్గానే క్రోమ్ మూసి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నీలం బొమ్మ నొక్కుతుంది. అది తాపీగా తెరుచుకుంటుంది. పైన ఒక పసుపు పట్టీ వచ్చి ఏదో అనుమతి అడుగుతుంది. ఆ అమ్మాయి చదవకుండానే ‘అలౌ’ కొడుతుంది. అయినా పేజీ రాకపోతే అందరికీ తెలిసిన జవాబే: ‘సర్వర్ లేదండి, మధ్యాహ్నం రండి.’

అన్నిసార్లూ తప్పు సర్వరుది కాదు. సైటుకూ బ్రౌజరుకూ పడక ఆగిన పనులు ఎన్నో ఉన్నాయి. జనానికి మాత్రం అదీ ‘సర్వరే’. ఈ పేచీ ఎలా మొదలైందో తెలియాలంటే 2002లో పశ్చిమ గోదావరికి వెళ్లాలి.

మీసేవకు ముందు వచ్చిన ఈ-సేవ 2001 ఆగస్టులో హైదరాబాదులో మొదలైంది. మరుసటి ఏడాదే, సంజయ్ జాజు కలెక్టరుగా ఉండగా, పశ్చిమ గోదావరిలో మండల కేంద్రాలకు వెబ్ ఆధారిత ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. అప్పటికి జిల్లాలో 46 మండలాలు. కేంద్రాల నిర్వహణ స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించారు. ఊళ్లో కంప్యూటరంటే డీటీపీ సెంటరు, పెళ్లి శుభలేఖలే గుర్తొచ్చే రోజులవి. అలాంటప్పుడు డ్వాక్రా మహిళలు బ్రౌజరు తెరిచి పల్లెటూరి వాళ్ల బిల్లులు కట్టారు, అర్జీలు పంపారు. దేశంలో ఈ-పాలన గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ఈ ప్రయోగాన్ని ఉదాహరిస్తారు. రాయనిది ఒకటుంది: అప్పట్లో బ్రౌజరు అంటే ఒక్కటే.

విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరులో వచ్చింది, దానితోపాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6. ప్రపంచంలో 90 శాతానికి పైగా జనం ఎక్స్‌ప్లోరర్‌నే వాడిన కాలం అది. పోటీ లేకపోయేసరికి మైక్రోసాఫ్ట్‌కు తొందరా లేకపోయింది. 7వ వెర్షన్ 2006 అక్టోబరుకు గానీ రాలేదు. మధ్యలో ఆ అయిదేళ్లు భద్రతా సవరణలు తప్ప చెప్పుకోదగ్గ మార్పు లేదు. మన ప్రభుత్వ పోర్టళ్లకు పునాదులు పడింది సరిగ్గా ఆ అయిదేళ్లలోనే. బ్రౌజరు మారదన్న భరోసా మీదే అన్నీ కట్టారు.

పైగా డిజిటల్ సంతకం అవసరం ఒకటి. ఐటీ చట్టం 2000లో దానికి చట్టబద్ధత ఇచ్చింది. రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ 2003లో మొదలయ్యాక, డెల్టా కాలువలకు నీళ్లు కట్టేశాక జరిగే మరమ్మతు పనులకు టెండరు వేసే కాంట్రాక్టరు జేబులోకీ డిజిటల్ కీ వచ్చింది. తర్వాత తహసీల్దారు చేతికీ వచ్చింది. యూఎస్‌బీకి గుచ్చే ఆ చిన్న పరికరాన్ని వెబ్ పేజీ పలకరించాలంటే అప్పట్లో ప్రధానంగా రెండు దారులు. ఒకటి మైక్రోసాఫ్ట్ 1996లో తెచ్చిన యాక్టివ్‌ఎక్స్, అది ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే పనిచేస్తుంది. రెండోది జావా అప్లెట్, అది ఫలానా వెర్షన్ జావా ఉంటేనే పనిచేస్తుంది. రెండూ చేసేది ఒకే పని, వెబ్ పేజీ నుంచి మీ కంప్యూటరులోకి ఒక ప్రోగ్రామును దించడం. దొంగ సైట్లూ ఇదే దారిలో వచ్చేవి.

అందుకే పోర్టళ్ల యూజర్ మాన్యువల్ చదివితే నవ్వు వచ్చేది. టూల్స్‌లోకి వెళ్లండి, ఇంటర్నెట్ ఆప్షన్స్ తెరవండి, సెక్యూరిటీలో ట్రస్టెడ్ సైట్స్‌కు మా చిరునామా చేర్చండి, కస్టమ్ లెవెల్‌లో యాక్టివ్‌ఎక్స్ కింద ఉన్నవన్నీ ‘ఎనేబుల్’ చేయండి, పాప్-అప్ బ్లాకర్ తీసేయండి. అదే ఆఫీసు గోడ మీద పెన్‌డ్రైవులు పెట్టరాదు, కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించరాదు అన్న నోటీసు ఉండేది. గుమస్తా ఫాంట్ ఒకటి వేసుకుందామంటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి, అది జిల్లా కేంద్రంలో ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఆంక్షలు పెట్టడం తప్పని నేను అనను. అడ్డమైన ప్రోగ్రాములూ ఎక్కించుకోనిస్తే ఆ కంప్యూటర్లు ఏడాది నిలవవు. ఉద్యోగి చెయ్యి కట్టేసి, పోర్టల్ కోసం తలుపులన్నీ బార్లా తెరవడమే అసలు విడ్డూరం.

మారదనుకున్నది మారింది. ఫైర్‌ఫాక్స్ 2004లో, క్రోమ్ 2008లో వచ్చాయి. క్రోమ్ మనల్ని అడగకుండానే తనను తాను మార్చుకోవడం మొదలుపెట్టింది, 2010 నుంచి ఆరు వారాలకొకసారి, 2021 నుంచి నాలుగు వారాలకొకసారి. డెల్టా కాలువల మీద లాకుల దగ్గర పడవ దాటించడం చూసినవాళ్లకు దీన్ని వేరే చెప్పనక్కర్లేదు, రెండువైపులా నీటి మట్టం సమానమైతేనే తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడ బ్రౌజరు వైపు మట్టం నెలనెలా పెరుగుతోంది, పోర్టల్ వైపు 2006 దగ్గరే నిలిచిపోయింది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. క్రోమ్ 2015 సెప్టెంబరులో జావా అప్లెట్ దారి మూసేసింది, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో. ‘జావా అప్‌డేట్ వస్తే నొక్కవద్దు’ అని మానిటరుకు కాగితం అంటించుకున్న ఆఫీసులు లేకపోలేదు. నొక్కితే మర్నాడు డిజిటల్ కీ పలకదు మరి.

అప్‌డేట్ ఆపేయడానికి మరో వెల ఉంది. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. అది దూరిన విండోస్ కన్నం పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది.

ఇంకో గొడవ మన భాషది. దాన్ని నేను అంత తొందరగా వదలలేను. తెలుగు పత్రికల సైట్లు మొదట్లో ఎవరి సొంత ఫాంట్లు వాళ్లు వాడేవి. ఆ ఫాంటును పేజీతోపాటే పంపే డైనమిక్ ఫాంట్ పద్ధతి మైక్రోసాఫ్ట్‌ది. అది ఎక్స్‌ప్లోరర్‌లోనే పనిచేసేది. ఫైర్‌ఫాక్స్‌లో అదే పేజీ తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు. ఉద్యోగానికి హైదరాబాదో అమెరికానో వెళ్లి, భోజన విరామంలో ఆఫీసు కంప్యూటరులో ఊరి వార్తలు చదువుకునే గోదావరి కుర్రాళ్లకు ఇది నిత్యం ఉండే బాధ. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జునే దీనికీ విరుగుడు తయారుచేశారు. ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు. పత్రికల సొంత ఫాంట్లలోని అక్షరాలను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపేది.

యూనికోడ్‌తోనూ తంటాలే. ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ ఉండేది గానీ, కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ ఫైళ్లు ఎక్కించమని టిక్కు పెడితే తప్ప ఒత్తులు అక్షరాల కింద కూర్చునేవి కావు. టిక్కు పెడితే విండోస్ సీడీ అడుగుతుంది, అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉండాలంటుంది. ఇంట్లో సరే. ఆఫీసులో సిస్టమ్స్ డిపార్టుమెంటుకు వెళ్లి ‘తెలుగు చదువుకోవాలండీ’ అని అడిగే ధైర్యం ఎందరికుంటుంది? 2006లో వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’ అంత వేగంగా పాకిందంటే కారణం ఇదే అని నా నమ్మకం. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించనక్కర్లేదు. పేజీ తెరిచి రోమన్ అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది, కాపీ చేసుకుంటే చాలు. ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు. తెలుగు బ్లాగులు, వికీ వ్యాసాలు ఎన్నో అలా ఆంక్షలున్న కంప్యూటర్ల మీదే పుట్టాయి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 ‘పద్మ’ లాంటి పాత తరహా పొడిగింపులన్నిటినీ ఒక్కదెబ్బతో నిలిపేసింది. అప్పటికి పత్రికల సైట్లు చాలావరకు యూనికోడ్‌లోకి రావడంతో మనకు పెద్ద నష్టం తెలియలేదు.

ఒకే బ్రౌజరును నమ్ముకుని ఈ ఊబిలో దిగింది మనమొక్కరమే కాదు. దక్షిణ కొరియా 1999 నుంచి బ్యాంకు పనులను, సర్కారు పనులను యాక్టివ్‌ఎక్స్‌కు ముడిపెట్టి ఇరవై ఏళ్లు అవస్థ పడింది. మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌ను విరమించినప్పుడు అక్కడి ఇంజనీరు ఒకరు దానికి నిజంగానే సమాధి రాయి చెక్కించారు. వేరే బ్రౌజర్లు దించుకోవడానికి మంచి పనిముట్టు అని దాని మీద రాయించారు.

మన దగ్గర సమాధి కట్టలేదు, మైక్రోసాఫ్ట్ కొత్త బ్రౌజరు ఎడ్జ్‌లో ‘ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్’ అన్న గది ఒకటి ఇచ్చి పాత పోర్టళ్లను అందులో కూర్చోబెట్టారు. ఆ గదికో షరతుంది. సొంతంగా చేర్చుకున్న చిరునామా 30 రోజులే ఉంటుంది, గడువు తీరాక మళ్లీ చేర్చాలి. అడ్మినిస్ట్రేటర్ జాబితా పంపిణీ చేస్తే ఈ బెడద ఉండదు, కానీ ఊళ్లో సొంతంగా కేంద్రం నడుపుకునేవాళ్లకు అడ్మినిస్ట్రేటర్ ఎక్కడి నుంచి వస్తాడు? నెల తిరిగేసరికి ‘నిన్నటిదాకా వచ్చిందండి, ఇవాళ రావట్లేదు’ అంటే సంగతి సాధారణంగా ఇదే.

గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2న అప్పటి తూర్పు గోదావరిలోని కరపలోనే ప్రారంభమయ్యాయి. డిజిటల్ అసిస్టెంట్ అనే ఉద్యోగం ఊళ్లోకి వచ్చింది. కొత్త పోర్టళ్లు క్రోమ్‌లో బాగానే తెరుచుకుంటాయి. ఇప్పుడు చిక్కు వేలిముద్రల పరికరంతో. ఆధార్ పరికరాలు కంప్యూటరులోనే నడిచే ఒక చిన్న సేవ ద్వారా పనిచేస్తాయి, వెబ్ పేజీ దాన్ని లోపలి చిరునామాలో పలకరించాలి. 2025 చివర్లో వచ్చిన క్రోమ్ 142 ఇలాంటి పలకరింపులకు ముందుగా అనుమతి అడగడం మొదలుపెట్టింది. హడావిడిలో ‘బ్లాక్’ నొక్కారో, ముసలమ్మ ఎంతసేపు వేలు పెట్టినా ముద్ర పడదు. అందరూ ఆమె వేలు అరిగిపోయిందనుకుంటారు. భద్రత కోసం చేసిన మంచి మార్పే, వాడేవాళ్లకు ముందుగా చెప్పే నాథుడు లేడు అంతే.

ప్రభుత్వమూ బ్రౌజరును తప్పించే దారి వెతికింది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలయ్యాయి. జనానికి సుఖమే. కానీ ఒక కంపెనీ బ్రౌజరు నుంచి ఇంకో కంపెనీ యాప్‌లోకి మారామన్న సంగతి మరవకూడదు.

నిజానికి ఈ తిప్పలకు మందు ఎప్పుడో రాసిపెట్టి ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే, ఒకటికి మించిన బ్రౌజర్లలో పరీక్షించి చూడాలని ఉంది. పాటించి ఉంటే కౌంటర్లో రెండు బ్రౌజర్ల బతుకు తప్పేది. ఎడ్జ్‌లోని ఐఈ మోడ్‌ను కనీసం 2029 దాకా ఉంచుతామని మైక్రోసాఫ్ట్ మాట ఇచ్చింది. మిగిలిన పాత పోర్టళ్లను ఆలోగా తిరగరాయించాల్సింది వాటిని కట్టించిన శాఖలే.