మబ్బుకి తోడు పెట్టిన రోజులు

2005 వానాకాలంలో ఓ సాయంత్రం, హైదరాబాదులో ఆఫీసులో ఉండగా నాయన ఫోన్ చేశాడు. ఆదివారం తప్ప ఫోన్ చెయ్యని మనిషి, కాబట్టి కాస్త కంగారు పడ్డాను. "ఏమిరా, ఇమానం వచ్చినాది. మన చేను మీదనే రెండు చుట్లు తిరిగినాది" అన్నాడు. వాన పడిందా అని అడిగాను. "వాన పక్కూరికి పోయినాది" అని పెట్టేశాడు.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన మాకేనని చిన్నప్పటి నుంచీ బళ్ళో చెప్పేవాళ్ళు, ఏదో ఘనకార్యం లాగా. కారణం అందరికీ తెలిసిందే. నైరుతి గాలులు తెచ్చిన నీళ్ళన్నీ పడమటి కనుమలకి అవతలే ధారపోసి, ఖాళీ చేతులతో మా పీఠభూమి మీదికొస్తాయి. ఈశాన్య ఋతుపవనం నెల్లూరు దగ్గర తడిపి, మా దాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఆ వానాకాలం విమానం ఎందుకొచ్చిందంటే, 2002 నుంచి వరసగా కరువు. శనక్కాయ విత్తనానికి పెట్టిన డబ్బులే వెనక్కి రాని రోజులు. 2003లో కర్ణాటక 'వరుణ' పేరుతో మేఘమథనం చేసింది, మహారాష్ట్ర కూడా చేసింది. మన ప్రభుత్వం జేఎన్టీయూ సాంకేతిక సాయంతో అదే దారి పట్టి, ఆ దశాబ్దం చివరిదాకా నడిపింది. అనంతపురం అందులో ముందు వరసలో ఉండేది.

అది పని చేసిందా లేదా అన్న వాదన మా ఊరి రచ్చకట్ట మీద ఇప్పటికీ తెగలేదు. ఎందుకు తెగలేదో చెప్పాలంటే కాస్త వెనక్కి, మా ఇంట్లో నీళ్ళ కుండ దాకా వెళ్ళాలి.

మే నెలలో మా ఊళ్ళో కుండ నీళ్ళు జిల్లుమంటాయి. అదే కుండని విశాఖపట్నం తీసుకెళ్ళండి, అంత చల్లబడదు. కుండ బయటి తడిని ఆనుకుని ఉన్న గాలిలో ఆవిరి నిండుగా ఉంటుంది. బెత్తెడు అవతల మా ఎండు గాలిలో దాదాపు ఏమీ ఉండదు. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి ఆవిరి తనంతట తాను జారుతుంది, పోతూ పోతూ వేడిని పట్టుకుపోతుంది. విశాఖ గాలిలో ముందే తేమ ఉంది కాబట్టి అక్కడ ఆ తేడా చిన్నది. తెలుగు మీడియంలో దీన్ని 'గాఢతా ప్రవణత' అని బట్టీ పట్టాం. నేను వాలు అంటాను.

వాలు ఎంత నిటారుగా ఉంటే జారుడు అంత వేగం అని 1855లో లెక్క కట్టినవాడు ఆడాల్ఫ్ ఫిక్. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు దాటాయంతే. భౌతికశాస్త్రవేత్త కూడా కాదు, శరీరధర్మశాస్త్రం మనిషి. గొట్టం అడుగున ఉప్పు, పైన మంచినీళ్ళు పెట్టి, ఉప్పు పైకి ఎలా పాకుతుందో కొలిచాడు. వేడి ప్రవహించటం గురించి ఫోరియే రాసిన సమీకరణాన్ని తీసుకుని వేడి బదులు ఉప్పు అని రాశాడు (మా భాషలో చెప్పాలంటే కోడ్ రీయూజ్!). ఊపిరితిత్తుల్లో రక్తంలోకి ఆక్సిజన్ చేరటానికీ, కోనసముద్రం కమ్మరుల మూసల్లో ఇనుములోకి కార్బన్ ఎక్కటానికీ, మీ కంప్యూటర్ చిప్పుల సిలికాన్‌లోకి మలినాలని కావాలని ఎక్కించటానికీ ఆ సూత్రమే.

తడి బల్బు థర్మామీటర్ మీద, అంటే మన కుండ మీదే అనుకోండి, 1877లో మాక్స్‌వెల్ ఈ లెక్కని ప్రయోగించాడు. దాన్నే తలకిందులు చేస్తే మబ్బులో చుక్క ఎలా పెరుగుతుందో వస్తుంది. కుండ నుంచి ఆవిరి బయటికి జారుతుంది, మబ్బులో చుక్క మీదికి జారుతుంది. అంతే తేడా.

ఇక్కడే ఒక చిక్కు. ఇలా పెరిగే చుక్క పెద్దదయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది. వ్యాసార్ధం రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల సమయం కావాలి. మబ్బులో మామూలు చుక్క వ్యాసార్ధం ఓ పది మైక్రాన్లు. నేల మీద టప్పున పడే చినుకు వ్యాసార్ధం ఒక మిల్లీమీటరు. అంటే ఒక్క చినుకులో పది లక్షల మబ్బు చుక్కలు. కేవలం ఆవిరి జారుడుతో చుక్క అంత పెరగాలంటే రోజులు పడుతుంది, మబ్బు బతికేది గంటో, అంతకన్నా తక్కువో. మరి వాన ఎలా పడుతోంది?

సగం జవాబు 1922 ఫిబ్రవరిలో ఒక అడవిదారిలో దొరికింది. స్వీడన్‌కి చెందిన తూర్ బెర్యెరోన్ ఓస్లో దగ్గర (అప్పటి పేరు క్రిస్టియానియా) కొండ మీద ఒక విడిదిలో ఉండి, దేవదారు చెట్ల మధ్య దారిలో నడిచేవాడు. మంచు పొగ కమ్మిన రోజుల్లో ఆయనకొకటి వింతగా తోచింది. బాగా చలిగా ఉన్న రోజున పొగ చెట్ల పైనే ఆగిపోయి, దారిలో గాలి తేటగా ఉండేది. సున్నా డిగ్రీలకి పైన ఉన్న రోజున పొగ నేలదాకా దిగేది. చలి రోజున కొమ్మలకి మంచు పేరుకుని ఉంది, ఆ మంచు చుట్టుపక్కల పొగలోని ఆవిరిని లాగేస్తోంది!

సున్నా కంటే కింద కూడా నీళ్ళు గడ్డకట్టకుండా చుక్కలుగా ఉండగలవు. మైనస్ 38 డిగ్రీల దాకా వెళ్ళినా సరే, పట్టుకోవటానికి సరైన నలుసు దొరక్కపోతే అలాగే ఉంటాయి. అలాంటి చుక్కల మధ్య ఒక మంచు రవ్వ పుట్టిందనుకోండి. మైనస్ 10 దగ్గర నీటి చుక్కకి సరిగ్గా సరిపడా ఉన్న ఆవిరి, మంచు రవ్వకి పది శాతం ఎక్కువ. కాబట్టి ఆవిరి చుక్కల నుంచి రవ్వ వైపు జారుతుంది. చుక్కలు ఎండిపోతాయి, రవ్వ బలుస్తుంది, బరువెక్కి కిందికి దిగుతుంది, దిగుతూ కరిగి వానవుతుంది. 1911లోనే ఇది సూచించినవాడు వెగెనర్ (ఖండాలు కదులుతాయన్న ఆ వెగెనరే). బెర్యెరోన్ 1930లలో దాన్ని వానకి ముడిపెట్టాడు, 1938లో ఫిండైసన్ గట్టిపరిచాడు.

అయితే రవ్వని మనమే ఇస్తే? 1946 జూలైలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విన్సెంట్ షేఫర్ డీప్‌ఫ్రీజర్‌లోకి ఊపిరి వదిలి మబ్బు చేసి ఆడుకుంటున్నాడు. చలి చాలక డ్రై ఐస్ ముక్క పడేశాడు. మబ్బంతా క్షణంలో మంచు రవ్వలైపోయింది. ఆ నవంబరులో విమానమెక్కి నిజం మబ్బు మీదే చల్లాడు. అదే నెలలో సహోద్యోగి బెర్నార్డ్ వానెగట్ స్ఫటికాల పట్టికలు వెతికి, అణువుల అమరిక మంచుని పోలిన పదార్థం సిల్వర్ అయొడైడ్ అని తేల్చాడు. దాని పొగ తగిలితే మైనస్ 5 ప్రాంతం నుంచే రవ్వలు పుడతాయి. అన్నట్టు, నవలా రచయిత కర్ట్ వానెగట్ ఈయన తమ్ముడే. మరుసటి ఏడాది అక్టోబరులో వీళ్ళ ప్రాజెక్టు ఒక తుఫాను మీద డ్రై ఐస్ చల్లింది, అది దారి మళ్ళి జార్జియా తీరాన్ని కొట్టింది. చల్లినందువల్లేనా అన్నది తేలలేదు గానీ జనం తిట్టారు. "పక్కూరికి పోయినాది" అన్న మా నాయన మాట అప్పటి నుంచీ ఉన్నదే.

మన దేశానికీ ఇది త్వరగానే వచ్చింది. 1951లో టాటా కంపెనీ పడమటి కనుమల మీద నేల నుంచే సిల్వర్ అయొడైడ్ పొగ పెట్టింది. మరుసటి ఏడాది ఎస్.కె. బెనర్జీ హైడ్రోజన్ బెలూన్లతో ప్రయత్నించాడు.

ఇప్పుడు మా జిల్లాకొద్దాం. మేఘమథనం అనే పేరు ఎవరు పెట్టారో గానీ, పాలకడలి చిలికినంత పెద్ద మాట. నా దృష్టిలో అది తప్పు పేరు. విమానం మబ్బుని చిలకదు, తోడు పెడుతుంది. మా అమ్మ రాత్రి గిన్నెలో వేసే చారెడు పెరుగు లాంటిది. పాలుంటేనే తోడు. ఖాళీ గిన్నెలో ఎంత పెరుగు వేసినా తెల్లారేసరికి ఎండిన పెరుగే. ఆవిరి జారటానికి ముందు ఆవిరి ఉండాలి కదా! ఢిల్లీలో 2025 అక్టోబరు 28న ఐఐటీ కాన్పూరు వాళ్ళు పొగమంచు కడగటానికి విమానం పంపినప్పుడు జరిగిందిదే. మబ్బుల్లో తేమ మరీ తక్కువ, వాన రాలేదు.

ఇంకొక తిరకాసు, మా మబ్బుల ఎత్తు. వానాకాలంలో దక్కను మీద గాలి సున్నా డిగ్రీలకి చేరేది సుమారు ఐదు కిలోమీటర్ల పైన. దానికంటే కిందే ఆగిపోయిన మబ్బులో సిల్వర్ అయొడైడ్‌కి పనే లేదు. అలాంటి వెచ్చటి మబ్బుకి ఉప్పు కావాలి. ఉప్పు నీటి చుక్క మీద ఆవిరి ఒత్తిడి తక్కువ, కాబట్టి మళ్ళీ అదే వాలు, మంచు బదులు ఉప్పుతో. పెద్ద చుక్కలు కొన్ని త్వరగా తయారై, చిన్నవాటిని గుద్ది కలుపుకుంటూ దిగుతాయి. ఏ మబ్బుకి ఏది అన్నది రాడార్ చూసి అక్కడికక్కడ తేల్చాలి. మబ్బు ఎదురుచూడదు.

మరి ఫలితం? పూణే ఐఐటీఎం వాళ్ళు 1973 నుంచి 1986 మధ్య పదకొండు వానాకాలాలు బారామతి ప్రాంతంలో ఉప్పు చల్లి, వాన 24 శాతం పెరిగిందన్నారు. అదే సంస్థ 2018, 2019లలో, మాలాగే వానచాటున ఉన్న సోలాపూర్‌లో చేసి, గాలివాటున వంద చదరపు కిలోమీటర్లలో సగటున 18 శాతం అంది. ఇజ్రాయెల్ మాత్రం దశాబ్దాలు నమ్మి చల్లి, చివరికి 2013 నుంచి ఏడేళ్ళు గట్టి పరీక్ష పెట్టి చూస్తే పెరుగుదల 1.8 శాతం వచ్చింది. అది యాదృచ్ఛికం కాదని చెప్పలేనంత చిన్నది. దుకాణం కట్టేశారు.

ఈ పరీక్షల్లో కీలకం చల్లటం కాదు, చల్లకపోవటం. బాగున్న మబ్బులు రెండు కనిపిస్తే బొమ్మా బొరుసూ వేసి ఒకదాన్ని వదిలెయ్యాలి. మేం వెబ్‌సైట్లో బటన్ రంగు మార్చేముందు సగం మందికి పాతదే చూపిస్తాం, అలా. మా జిల్లాలో నడిచింది ప్రయోగం కాదు, కరువు సాయం. మంచి మబ్బు కనిపిస్తే చల్లటమే. ఏ కలెక్టరు, ఏ మంత్రి, ఎండుతున్న శనక్కాయ చేలవాళ్ళతో "మీ మబ్బుని లెక్కకోసం వదిలేశాం" అని చెప్పగలడు? నేనైతే చెప్పలేను. ఆ కారణంగా వాళ్ళని తప్పు పట్టలేను. కానీ ఎంత వాన తెప్పించామో అంకెలు ప్రకటించే హక్కు కూడా దాంతోపాటే పోతుంది. మంచి మబ్బు చల్లకపోయినా కురిసేదేమో! విమానం వచ్చిందే మంచి మబ్బు ఉన్న రోజున కాబట్టి, విమానం వచ్చిన రోజున వాన పడితే అందులో రుజువేమీ లేదు. పక్కూరు మన వాన దొంగిలించిందనటానికీ రుజువు లేదు. ఈ రెండోది నాయనకి చెప్పి చూశాను. "నీకేం తెలుసురా, నువ్వు ఆడుండావు" అన్నాడు.

ఆయన పోయాక పెట్టె సర్దుతుంటే ఒక నోటుబుక్కు దొరికింది. వానమాపకం లాంటిదేమీ లేదు ఆయన దగ్గర. వాన వెలిశాక చేలోకెళ్ళి మట్టి తవ్వి, తడి ఎంత లోతు దిగిందో చూసి రాసేవాడు. జానెడు పదును, బెత్తెడు పదును, తుంపర, సున్నా. 2005, 2006 పేజీల్లో కొన్ని తేదీల పక్కన ఎర్ర సిరా చుక్కలున్నాయి. మొదట అర్థం కాలేదు, ఫోన్ చేసిన రోజు తేదీ చూశాక తెలిసింది, విమానం వచ్చిన రోజులవి. మొత్తం ఏడు. రెండింటి పక్కన జానెడు పదును, ఒకదాని పక్కన తుంపర, నాలుగింటి పక్కన సున్నా. చుక్క లేని తేదీల్లో కూడా, మబ్బు పట్టి కురవని రోజులకి ఆయన 'మబ్బు, సున్నా' అని రాసుకున్నాడు. అవి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇంకా 2005 ఆగస్టులోనే ఉన్నాను.