ప్రసార క్రమంలో టెలివిజన్ అధ్యయనం

భద్రపరిచిన టెలివిజన్ కార్యక్రమాన్ని విడిగా కాకుండా, అది మొదట ప్రసారమైన రోజు, వేళ, ముందూ వెనకా వచ్చిన కార్యక్రమాలు, మధ్యలోని ప్రకటనలతో కలిపి పరిశీలించే పద్ధతి. బ్రిటన్ విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1974లో దీనికి పునాది వేశారు. జనం చూసేది విడివిడి కార్యక్రమాలను కాదు, ఒకదానిలో ఒకటి కలిసిపోయే ప్రవాహాన్ని అని ఆయన వాదన.

దాచిపెట్టినవాళ్లు మాత్రం ఎక్కువగా ముక్కల్నే దాచారు. బీబీసీ ఎన్నో పాత టేపులను చెరిపేసి మళ్లీ వాడుకుంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1968 ఆగస్టు నుంచి పెద్ద నెట్‌వర్కుల సాయంత్రపు వార్తలను భద్రపరిచింది. ప్రవాహాన్ని ఉన్నదున్నట్టు పట్టింది ఒకప్పటి లైబ్రేరియన్ మారియన్ స్టోక్స్. 1979 నుంచి 2012లో మరణించేదాకా ఆమె ఇంట్లోనే రాత్రింబవళ్లు రికార్డు చేయించిన టేపులు దాదాపు 70,000. సంస్థలు చేయాల్సిన పని ఇది.

తెలుగులో ఈ పద్ధతికి మంచి ఉదాహరణ ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు అందించిన ‘సైట్’ ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు ప్రసారాలు అందాయి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కలిపి రోజుకు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలనే భాషలన్నీ పంచుకోవాలి. దృశ్యానికి ఒక్క చానలే, ధ్వనికి రెండు. కాబట్టి ఊరుమ్మడి టీవీ ముందు కూర్చున్నవారికి తెలుగు పాఠం ఎంతసేపు దొరికిందో, దాని వెనక ఏ భాష వంతు వచ్చిందో టేపు ఒక్కటే చెప్పదు.

దూరదర్శన్‌లో తెలుగు వార్తలు 1983 నవంబరు 14న మొదలయ్యాయి. తొలి వార్తలు చదివిన శాంతిస్వరూప్‌కు టెలిప్రాంప్టర్ లేదు. అప్పటికే, 1982 ఆగస్టు 15 నుంచి, ఢిల్లీ జాతీయ కార్యక్రమం రాత్రి వేళను తీసుకుంది. తెలుగుకు మిగిలిన చోటు ఎంతో తెలిస్తేనే ఆ వార్తల విలువ తెలుస్తుంది. 1987 జనవరి 25న మొదలైన ‘రామాయణ్’ సంగతీ అంతే: ఆదివారం ఉదయపు వేళను పక్కనపెడితే దాని ప్రభావం అర్థం కాదు. 1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చాక ఒకే వరుసను చూస్తే చాలదు, పోటీ చానళ్ల వరుసలనూ పక్కపక్కన పెట్టాలి.

భాషలు వేళలను పంచుకోవడం మలేసియాలోనూ కనిపిస్తుంది. అక్కడ టెలివిజన్ 1963 డిసెంబరు 28న మొదలైంది, రెండో చానల్ 1969లో వచ్చింది. ప్రభుత్వ ప్రసారాల్లో మలయ్, ఇంగ్లిష్, చైనీస్, తమిళం వంతులు పంచుకున్నాయి. సెలంగోర్‌లోని బంటింగ్ లాంటి ఊళ్లో ఏ ఇంటికి ఏ వేళ దక్కిందో తెలుసుకోవాలంటే ఈ వంతులే ఆధారం.

పరిశోధకులకు ముఖ్యమైన పనిముట్టు పత్రికల్లో అచ్చయిన కార్యక్రమ పట్టిక. బీబీసీ తన ‘రేడియో టైమ్స్’ పట్టికలను 1923 నుంచి 2009 దాకా 2014లో డిజిటల్ రూపంలో పెట్టింది. అయితే పట్టిక ముందుగా వేసుకున్న అంచనా మాత్రమే. క్రికెట్ ఆట సాగినా, నాయకుడు మరణించినా వరుస తారుమారయ్యేది. దూరదర్శన్ ప్రేక్షకులకు కంఠతా వచ్చిన ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ ఏ పట్టికలోనూ కనిపించదు. అందుకే పట్టికను స్టేషన్ లాగ్‌తో, ఇళ్లలో చేసిన వీసీఆర్ రికార్డింగులతో సరిపోల్చి చూస్తారు.