ఆక్యుపంక్చర్: ఆవిర్భావం, మూలసూత్రాలు, చారిత్రక పరిణామం

ఉద్దేశాలు

ఈ పాఠాన్ని పూర్తిచేసిన తరవాత మీరు:
– ఆక్యుపంక్చర్ ప్రాచీనతను గురించిన ఐతిహ్యాలను, పురావస్తు ఆధారాలను వేరుచేసి వివరించగలుగుతారు.
– 'చి', యిన్–యాంగ్, పంచదశలు, శక్తిమార్గాలు అనే భావనలను సోదాహరణంగా చెప్పగలుగుతారు.
– 19, 20 శతాబ్దాలలో ఈ వైద్యం క్షీణించిన తీరును, తిరిగి రూపుదిద్దుకున్న తీరును విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

ఆక్యుపంక్చర్ గురించి తరచుగా వినిపించే మాట 'ఇది ఐదువేల ఏళ్ల నాటి వైద్యం' అన్నది. ఇంతకాలం మారకుండా నిలిచింది కాబట్టి ఇది నిజమే అయి ఉండాలన్న వాదం ఆ మాట వెనకే వస్తుంది. చరిత్ర విద్యార్థి ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. ఒక వైద్యం ఎంత పాతది అన్నది మొదటి ప్రశ్న. అది రోగికి ఎంతవరకు ఉపకరిస్తుంది అన్నది రెండవ ప్రశ్న. మొదటిదానికి తవ్వకాలు, గ్రంథాలు సమాధానం చెబుతాయి. రెండవదానికి రోగులపై జరిపే పరీక్షలు సమాధానం చెప్పాలి. ఒకదానికి దొరికిన జవాబు రెండవదానికి సరిపోదు. ఈ వైద్యం మారకుండా రాలేదని, ప్రతి యుగమూ దాన్ని తన అవసరానికి తగినట్లు మలచుకుందని ఈ పాఠంలో గమనిస్తాం.

2. పేరు, అర్థం

'ఆక్యుపంక్చర్' చైనా మాట కాదు. సూది, గుచ్చడం అనే అర్థాలుగల రెండు లాటిన్ పదాల నుంచి ఐరోపావారు కల్పించుకున్న పేరు ఇది. చైనా భాషలో దీన్ని 'జెన్‌జియు' అంటారు. 'జెన్' అంటే సూది. 'జియు' అంటే ఎండబెట్టి నలిపిన ఆకును చర్మంపైన లేదా చర్మానికి దగ్గరగా కాల్చి వేడి అందించడం. దీనికి వాడే మొక్క మన వినాయక చవితి పత్రిలో ఉండే మాచిపత్రి జాతికి చెందినదే. ఈ పద్ధతినే బయటి ప్రపంచం 'మాక్సిబషన్' అంటుంది. చైనా సంప్రదాయంలో సూది, వేడి ఒకే చికిత్సకు రెండు చేతులు. ఈ విషయం గుర్తుంచుకుంటే తరవాతి ఆధారాలు సులువుగా అర్థమవుతాయి.

3. ఆవిర్భావం: ఐతిహ్యం, ఆధారం

ఐదువేల ఏళ్లు అన్న లెక్క పురాణ పురుషుడైన 'పసుపు చక్రవర్తి' (హువాంగ్‌డి) నుంచి వచ్చింది. సంప్రదాయం ఆయనను క్రీ.పూ. మూడవ సహస్రాబ్దిలో ఉంచుతుంది. ఆయన పేరుతో ఉన్న వైద్య గ్రంథం మాత్రం ఆ కాలానిది కాదు. నవీన శిలాయుగపు స్థలాల్లో దొరికిన మొనదేలిన రాళ్లను తొలి సూదులుగా చూపే వాదం కూడా ఉంది. అయితే 'బియాన్' అనే రాతి పనిముట్టును చీముగడ్డలు కోయడానికి వాడినట్లు ప్రాచీన వైద్య రచనలే చెబుతున్నాయి. గడ్డ కోయడం, శక్తిమార్గాన్ని సరిచేయడానికి సూది గుచ్చడం ఒకటి కావు.

గట్టి ఆధారాలు హాన్ వంశ కాలం (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) నుంచి లభిస్తున్నాయి. 1973లో హునాన్ రాష్ట్రంలోని చాంగ్‌షా వద్ద మవాంగ్‌దుయ్ సమాధిలో పట్టువస్త్రంపై రాసిన వైద్య రచనలు బయటపడ్డాయి. ఆ సమాధిని మూసింది క్రీ.పూ. 168లో. అందులో శరీరంలోని 11 మార్గాల వర్ణన ఉంది. ఒక్కొక్క మార్గానికి సంబంధించిన వ్యాధులు చెప్పి, ఆ మార్గంపై వేడి చికిత్స చేయాలని సూచించారు. సూదుల ప్రస్తావన లేదు. నిర్దిష్ట బిందువుల పేర్లూ లేవు. అంటే మార్గాల ఊహ ముందు వచ్చింది, వాటిపై సూది గుచ్చే విధానం తరవాత స్థిరపడింది అని చాలామంది చరిత్రకారులు భావిస్తున్నారు.

1968లో హెబెయ్ రాష్ట్రంలోని మన్‌చెంగ్ వద్ద తవ్విన రాకుమారుడు లియు షెంగ్ సమాధిలో బంగారు, వెండి సూదులు దొరికాయి. ఆయన మరణించింది క్రీ.పూ. 113లో. సిమా చియెన్ రాసిన చరిత్ర గ్రంథం 'షిజి'లో చున్‌యు యి అనే వైద్యుడు చికిత్స చేసిన 25 మంది రోగుల వివరాలు ఉన్నాయి. వారిలో కొద్దిమందికి మాత్రమే ఆయన సూదిని, వేడిని వాడాడు. ఎక్కువ మందికి ఇచ్చింది మందులే. ఈ ఆధారాలను కలిపి చూస్తే, క్రీ.పూ. రెండవ శతాబ్దంలో సూది చికిత్స రూపు దిద్దుకుంటూ ఉందని చెప్పవచ్చు. రెండువేల ఏళ్లకు పైబడిన చరిత్ర తక్కువదేమీ కాదు. దాన్ని ఐదువేలకు సాగదీయవలసిన పని లేదు.

4. మూలసూత్రాలు

ఈ వైద్యానికి ఆధార గ్రంథం 'హువాంగ్‌డి నెయ్‌జింగ్'. ఇది ఒక్కరు రాసినది కాదు. అనేకమంది రచనలను హాన్ కాలంలో కూర్చిన సంకలనం. 'సువెన్', 'లింగ్‌షు' అనే దీని రెండు భాగాల్లోనూ 81 అధ్యాయాల చొప్పున ఉన్నాయి. చక్రవర్తి అడగడం, చి బో వంటి వైద్యులు జవాబు చెప్పడం ఇందులోని పద్ధతి. సూదుల వివరణ ఎక్కువగా 'లింగ్‌షు'లో ఉంది. తొమ్మిది రకాల సూదులను అది వర్ణిస్తుంది. వాటిలో కొన్ని నేటి సన్నని సూదుల వంటివి కావు, గడ్డలు కోయడానికీ రక్తం తీయడానికీ పనికివచ్చే కత్తుల వంటివి.

4.1 'చి': శరీరంలో ప్రసరిస్తూ దాన్ని నడిపించే ప్రాణశక్తి లేదా ఆవిరి వంటి సూక్ష్మద్రవ్యం. అది సాఫీగా ప్రవహిస్తే ఆరోగ్యం. ఎక్కడైనా ఆగినా, తగ్గినా, పోటెత్తినా వ్యాధి.

4.2 యిన్–యాంగ్: కొండకు నీడ పడిన వైపు, ఎండ పడిన వైపు అన్నవి ఈ మాటల తొలి అర్థాలు. చలి–వేడి, లోపల–బయట, విశ్రాంతి–చలనం వంటి జంటలన్నీ వీటి కిందికి వస్తాయి. ఇవి శత్రువులు కావు. ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతూ, పగలూ రాత్రీ లాగా ఒకదానిలోంచి మరొకటి వస్తాయి.

4.3 పంచదశలు: కలప, అగ్ని, భూమి, లోహం, నీరు. వీటిని మన పంచభూతాలతో సమానం అనుకోరాదు. పంచభూతాలు పదార్థం దేనితో ఏర్పడిందో చెబుతాయి. పంచదశలు మార్పు ఏ క్రమంలో జరుగుతుందో చెబుతాయి. పైగా ఈ జాబితాలో ఆకాశం, వాయువు లేవు. కలప నిప్పును పుట్టిస్తుంది, నీరు నిప్పును అణచుతుంది అన్నట్లుగా ఒక్కొక్క దశకూ మిగిలినవాటితో సంబంధం ఉంటుంది. కాలేయాన్ని కలపకు, గుండెను అగ్నికి, ప్లీహాన్ని భూమికి, ఊపిరితిత్తులను లోహానికి, మూత్రపిండాలను నీటికి జతచేశారు.

4.4 మార్గాలు, బిందువులు: మార్గాల వ్యవస్థను 'జింగ్‌లువో' అంటారు. 'జింగ్' అంటే నేతలో పడుగు దారం. 'లువో' అంటే వాటిని కలిపే వల. మవాంగ్‌దుయ్ రచనల్లో 11గా ఉన్న ప్రధాన మార్గాలు నెయ్‌జింగ్‌లో 12 అయ్యాయి. ఆ గ్రంథం వాటిని చైనాలోని 12 నదులతో పోలుస్తుంది. ఏడాదిలోని రోజుల లెక్కన బిందువులు 365 అంటుంది. మోచేతి నుంచి వేలికొనల వరకు, మోకాలి నుంచి కాలివేళ్ల వరకు ఉన్న ముఖ్య బిందువులకు బావి, ఊట, వాగు, నది, సంగమం అనే అర్థాలుగల పేర్లు పెట్టారు. వైద్యుడు మణికట్టు వద్ద నాడి చూసి, లోపం ఉన్నచోట పూరించాలి, అధికమైనచోట తొలగించాలి.

ఈ పోలికలు అలంకారం కోసం చెప్పినవి కావు. నదులకు కట్టలు కట్టి, కాలువలు తవ్వి, ధాన్యాగారాలు నిర్వహించిన హాన్ సామ్రాజ్యం శరీరాన్ని కూడా ఒక రాజ్యంలా ఊహించింది. 'సువెన్'లో గుండె రాజు, ఊపిరితిత్తులు మంత్రి, కాలేయం సేనాపతి. పూడిపోయిన కాలువ ఊరికి చేటు తెచ్చినట్లే పూడిపోయిన మార్గం శరీరానికి చేటు తెస్తుంది. శవపరీక్షలో కనిపించిన నిర్మాణాల కంటే పాలనానుభవమే ఈ పటాన్ని ఎక్కువగా గీసిందని చెప్పవచ్చు.

సుశ్రుత సంహితలోని 107 మర్మస్థానాలకూ ఈ బిందువులకూ పోలిక తెచ్చేవారు ఉన్నారు. సుశ్రుతుని దృష్టిలో మర్మం అంటే దెబ్బ తగిలితే ప్రాణాపాయం లేదా వైకల్యం కలిగించే చోటు, శస్త్రవైద్యుడు తప్పించవలసిన చోటు. ఆక్యుపంక్చర్ బిందువు సూది గుచ్చవలసిన చోటు. రెండింటి ప్రయోజనం వేరని గమనించాలి.

5. గ్రంథాలు, బోధన, విస్తరణ

క్రీ.శ. మూడవ శతాబ్దంలో హువాంగ్‌ఫు మి (215–282) పాత గ్రంథాల్లో చెదరి ఉన్న విషయాన్ని 'జెన్‌జియు జియాయి జింగ్' అనే గ్రంథంగా క్రమబద్ధం చేశాడు. తానే దీర్ఘవ్యాధితో బాధపడటం ఆయనను వైద్యం వైపు మళ్లించింది. ఈ గ్రంథంలో 349 బిందువుల స్థానాలు ఉన్నాయి. తాంగ్ వంశ కాలంలో (618–907) రాజవైద్య సంస్థలో సూది చికిత్స ఒక ప్రత్యేక విభాగం.

సుంగ్ వంశ కాలంలో బోధనకు ఒక కొత్త సాధనం వచ్చింది. చేతిరాత ప్రతుల్లో బిందువుల స్థానాలు ఒకదానికొకటి పొసగక తికమకగా ఉండేవి. దీన్ని సరిచేయడానికి వాంగ్ వెయ్‌యి 1027లో మనిషంత ఎత్తున్న రెండు కంచు విగ్రహాలు పోతపోయించాడు. వాటి ఒంటిపై బిందువులున్న చోట రంధ్రాలు ఉండేవి. పరీక్ష రోజున విగ్రహానికి మైనం పూసి లోపల ద్రవం నింపేవారని, విద్యార్థి సరైన చోట గుచ్చితే ద్రవం బయటికి వచ్చేదని తరవాతి రచనలు చెబుతున్నాయి. మింగ్ కాలంలో 1601లో వెలువడిన 'జెన్‌జియు దాచెంగ్' అప్పటివరకు ఉన్న జ్ఞానాన్నంతా ఒకచోట చేర్చింది.

ఆరవ శతాబ్దం నాటికే ఈ విద్య కొరియా, జపాన్‌లకు చేరింది. జపాన్‌లో సుగియామా వైచి అనే అంధ వైద్యుడు 17వ శతాబ్దంలో సన్నని గొట్టం గుండా సూదిని దించే పద్ధతిని ప్రచారం చేశాడు. ఆ గొట్టం నేటికీ వాడుకలో ఉంది. అదే జపాన్‌లో పనిచేసిన డచ్ కంపెనీ వైద్యుడు విల్లెం టెన్ రైనె 1683లో ప్రచురించిన రచన ద్వారా ఐరోపాకు ఈ వైద్యం వివరంగా తెలిసింది.

6. క్షీణత, పునర్నిర్మాణం

18వ శతాబ్దంలో షు దాచున్ అనే వైద్యుడు సూది విద్య దాదాపు అంతరించిపోయిందని బాధపడ్డాడు. చదువుకున్న వైద్యులు నాడి చూసి మందులు రాయడానికే మొగ్గారు. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్య సంస్థలో ఈ విభాగాన్ని రద్దు చేశాడు. సూది గుచ్చడం, కాల్చడం చక్రవర్తి శరీరానికి తగవన్నది చెప్పిన కారణం. ప్రజల మధ్య మాత్రం ఈ చికిత్స కొనసాగింది.

1929లో జాతీయవాద ప్రభుత్వపు ఆరోగ్య మండలి సమావేశంలో యు యున్‌షియు దేశీయ వైద్యాన్నే క్రమంగా తొలగించాలని ప్రతిపాదించాడు. దేశమంతటా వైద్యులు నిరసన తెలపడంతో అది అమలుకాలేదు. బతకాలంటే మారాలని మాత్రం వారు గ్రహించారు. చెంగ్ దాన్‌ఆన్ (1899–1957) బిందువులను ఆధునిక శరీర నిర్మాణశాస్త్రం ఆధారంగా వర్ణించి, రక్తనాళాలకు దూరంగా నిర్ణయించాడు. సన్నని సూదుల వాడకాన్ని బలపరిచాడు. ఈనాడు మనం చూసే ఆక్యుపంక్చర్ రూపం చాలావరకు ఈ కాలపు పని.

1949 తరవాత కమ్యూనిస్టు ప్రభుత్వానికి కోట్లాది గ్రామీణులు ఉన్నారు, ఆధునిక వైద్యులు అతి తక్కువమంది ఉన్నారు. సూది చవక, మోసుకుపోవడం సులువు, త్వరగా నేర్పవచ్చు. 1956లో బీజింగ్, షాంఘై, గువాంగ్‌జౌ, చెంగ్‌దూ నగరాల్లో సంప్రదాయ వైద్య కళాశాలలు స్థాపించారు. పరస్పరం విభేదించే అనేక గురుపరంపరల నుంచి ఒకే పాఠ్యప్రణాళిక తయారైంది.

భారతదేశానికి ఈ విద్య రావడంలో ఒక స్నేహబంధం ఉంది. 1938లో జపాన్ దాడికి గురైన చైనాకు సాయంగా వెళ్లిన అయిదుగురు భారతీయ వైద్యుల బృందంలో ద్వారకానాథ్ కొట్నీస్, బిజయ్ కుమార్ బసు సభ్యులు. కొట్నీస్ 1942లో అక్కడే మరణించాడు. బసు 1958లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, కలకత్తాలో దానికి ప్రచారం కల్పించాడు.

అమెరికాలో ఆసక్తి రేగడానికి పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ 1971 జూలైలో రాసిన వ్యాసం కారణమైంది. బీజింగ్‌లో ఆయనకు అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగింది. సూదులతోనే మత్తు ఇచ్చి కోశారని చాలామంది చెప్పుకున్నారు. నిజానికి ఆయనకు మామూలు మత్తు ఇంజెక్షనే ఇచ్చారు. సూదులు గుచ్చింది శస్త్రచికిత్స అయిన తరవాత కడుపులోని అసౌకర్యం తగ్గించడానికి. ఆయన వ్యాసంలోనే స్పష్టంగా ఉన్న విషయం నోటినోటా మారిపోవడం చరిత్ర విద్యార్థికి మంచి పాఠం.

7. మూల్యాంకనం

ఇక రెండవ ప్రశ్న: ఇది పనిచేస్తుందా? శరీర నిర్మాణంలో శక్తిమార్గాలకు సరిపోలే ప్రత్యేక నాళాలేవీ నిర్ధారణ కాలేదు. 2007లో జర్మనీలో నడుమునొప్పి గల 1,162 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ఆరు నెలల తరవాత సంప్రదాయ బిందువుల్లో సూదులు వేసినవారిలో 47.6 శాతం మందికి మెరుగుదల కనిపించింది. బిందువులు కాని చోట పైపైన గుచ్చినవారిలో అది 44.2 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం. అంటే సూది పొందినవారు మూడవ వర్గం కంటే మెరుగయ్యారు. కానీ సూది ఎక్కడ గుచ్చారన్నదానివల్ల పెద్ద తేడా రాలేదు. రోగి నమ్మకం, వైద్యుడు కేటాయించే సమయం, గుచ్చడంవల్ల నరాల్లో కలిగే స్పందన ఇందులో ఎంతెంత అన్న చర్చ సాగుతోంది.

కొన్ని రకాల నొప్పుల్లో ఉపశమనం ఇవ్వడం వేరు, అన్ని వ్యాధులనూ నయం చేస్తుందనడం వేరు. క్షయ, క్యాన్సర్, మధుమేహం వంటి వ్యాధుల్లో అవసరమైన చికిత్స మానేసి సూదులపై ఆధారపడితే ప్రాణానికే ముప్పు. శుభ్రం చేయని సూదితో అంటువ్యాధులు, ఛాతీలో లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి గాయం కలగవచ్చు.

8. సారాంశం

ఆక్యుపంక్చర్ హాన్ కాలపు చైనాలో మార్గాల ఊహ, వేడి చికిత్స, గడ్డలు కోసే పనిముట్ల వాడకం కలిసి రూపొందిన వైద్యం. దాని సూత్రాలు ఆనాటి ప్రకృతి పరిశీలనను, రాజ్యపాలనను ప్రతిబింబిస్తాయి. రాజాస్థానం ఆదరించినప్పుడు అది పెరిగింది, వదిలేసినప్పుడు వాడిపోయింది. 20వ శతాబ్దంలో కొత్త రూపంతో తిరిగి నిలబడింది. ప్రాచీనత దానికి గౌరవం తెస్తుంది. దాని ప్రయోజనాన్ని మాత్రం నేటి పరీక్షలే తేల్చాలి.

9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆక్యుపంక్చర్ ఆవిర్భావానికి లభిస్తున్న ఆధారాలను పరిశీలించండి.
2. 1822 నుంచి 1956 వరకు ఆక్యుపంక్చర్ పొందిన మార్పులను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పంచదశలకు, పంచభూతాలకు గల భేదం ఏమిటి?
2. మవాంగ్‌దుయ్ రచనల ప్రాముఖ్యం తెలపండి.
3. వాంగ్ వెయ్‌యి కంచు విగ్రహాలు బోధనకు ఎలా తోడ్పడ్డాయి?