తీర్పు నుంచి విడుదల దాకా: హెన్రీ మాంట్‌గోమరీ కేసు – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పద్దెనిమిదేళ్లు నిండకముందు చేసిన నేరానికి మనిషిని జీవితాంతం చెరలో ఉంచవచ్చునా అనే ప్రశ్నకు అమెరికా సుప్రీంకోర్టు 2005–2016 మధ్య అంచెలంచెలుగా సమాధానం చెప్పింది. అయితే ఆ తీర్పులు కల్పించిన అవకాశం విడుదలగా మారాలంటే సాధారణంగా పెరోల్ బోర్డు సమ్మతి కావాలి. ఈ రెండింటి నడుమనున్న దూరాన్ని హెన్రీ మాంట్‌గోమరీ ఉదంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. మన దేశంలో పెరోల్ అంటే తాత్కాలిక విడుదల; అక్కడ మాత్రం మిగిలిన శిక్షాకాలాన్ని షరతులకు లోబడి బయట గడపడం.

2. తీర్పుల క్రమం

రోపర్ తీర్పు (2005) బాలనేరస్థులకు మరణశిక్షను రద్దు చేసింది. గ్రాహం తీర్పు (2010) హత్యేతర నేరాలకు పెరోల్ లేని యావజ్జీవాన్ని నిషేధించింది. హత్య కేసులలో సైతం ఆ శిక్షను తప్పనిసరి చేయడం రాజ్యాంగవిరుద్ధమని మిల్లర్ తీర్పు (2012) పేర్కొంది. అపరిపక్వత, పరిసరాల ఒత్తిడికి లొంగే తత్త్వం, మారగలిగే స్వభావం అనేవి వీటికి మూలసూత్రాలు.

3. మాంట్‌గోమరీ ఉదంతం

1963లో లూసియానాలో డిప్యూటీ షెరిఫ్ ఛార్లెస్ హర్ట్‌ను చంపేనాటికి మాంట్‌గోమరీ వయస్సు 17. తొలుత విధించిన మరణశిక్ష రద్దయింది. పునర్విచారణలో జ్యూరీ ఇచ్చిన తీర్పుతో పెరోల్ లేని యావజ్జీవం దానంతటదే ఖరారైంది. వయస్సును పరిగణించే అవకాశమే లేకపోయింది. మిల్లర్ సూత్రం పాత శిక్షలకూ వర్తిస్తుందని 2016లో సుప్రీంకోర్టు 6–3 ఆధిక్యంతో నిర్ణయించింది. రాష్ట్రాలు కొత్తగా శిక్ష ఖరారు చేయకున్నా, పెరోల్ అర్హత కల్పిస్తే చాలునన్నది. ఆ విధంగా పరివర్తనను తూచే బాధ్యత చాలావరకు బోర్డులకు చేరింది.

బోర్డు 2018లోను, 2019లోను ఆయన విన్నపాన్ని తిరస్కరించింది. తగినన్ని శిక్షణ తరగతులు పూర్తి చేయలేదన్నది వినిపించిన కారణాలలో ఒకటి. ఆయన శిక్షాకాలపు తొలి దశాబ్దాలలో అంగోలా జైలులో అటువంటి తరగతులే లేవని న్యాయవాదులు వాదించారు. విడుదలను వ్యతిరేకిస్తూ హర్ట్ కుటుంబీకులు వినిపించిన వేదన కూడా విస్మరించరానిదే. చివరకు 2021 నవంబరులో, 75 ఏళ్ల వయస్సులో ఆయన విడుదలయ్యారు. ఆయన కేసులో వెలువడిన తీర్పు ఆధారంగా అనేకులు అప్పటికే బయటికి వచ్చారు.

4. కాలిఫోర్నియా మార్గం

కాలిఫోర్నియా 2013లో చేసిన చట్టం నేరసమయంలోని యౌవనానికి, తదనంతర పరిణతికి బోర్డు అధిక ప్రాధాన్యం ఇవ్వాలని నిర్దేశించింది. 18 ఏళ్లలోపువారికే పరిమితమైన ఈ విధానం 2015లో 23 ఏళ్లలోపువారికి, 2017 చట్టంతో 25 ఏళ్ల వరకు విస్తరించింది.

5. ముగింపు

లూసియానా అనుభవంలో అర్హత లభించినా, దానిని తూచే కొలమానం ఖైదీ గతానికి సరిపోలేదు. ఏనాటికీ బయటికి రాడని భావించిన వ్యక్తికి పునరావాస శిక్షణ అందించని వ్యవస్థే, ఆ శిక్షణ లేకపోవడాన్ని లోపంగా ఎంచింది. కాబట్టి ఇటువంటి సంస్కరణల చరిత్రను తీర్పుల తేదీలతో ముగించడం అసమగ్రం; బోర్డు నిర్ణయాలను, విడుదలానంతర జీవనాన్ని కూడా అందులో భాగంగా అధ్యయనం చేయవలసి ఉంది.