అనుమానం, భ్రాంతి, కల్తీ కల్లు: మేడ్చల్, శామీర్‌పేట నేపథ్యం

2019 సెప్టెంబరులో శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో, జబ్బుపడి చనిపోయిన ఒక స్త్రీకి చేతబడి చేశాడన్న అనుమానంతో ఒక యువకుణ్ణి చంపి ఆమె చితిపైనే కాల్చివేశారు. ఇటువంటి అనుమానాన్ని పిచ్చి అనడం పరిపాటి. అది సరికాదు. ఊరు పంచుకొన్న నమ్మకం ఎంత ఘోరానికి దారితీసినా మనోవైద్యం దానిని భ్రాంతిగా లెక్కించదు. దానిని విచారించవలసింది న్యాయస్థానం. చుట్టుపక్కల ఎవరూ నమ్మని శంకను ఒక్క మనిషి వదలక పట్టుకొన్నప్పుడే వైద్యుని పని మొదలవుతుంది.

ఆ శంక కూడా స్కిజోఫ్రీనియాయే కానక్కరలేదు. జర్మన్ మనోవైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ పారనోయియాను ఆ వ్యాధి నుండి వేరుచేసి చూపాడు. 1910 ప్రాంతంలో కార్ల్ బోన్‌హోఫర్ జ్వరం, విషం, మద్యం వంటి భిన్న కారణాలు ఒకే తరహా మానసిక లక్షణాలను కలిగించగలవని ప్రతిపాదించాడు. థైరాయిడ్ లోపం, మూర్ఛ, వృద్ధాప్యపు మతిమరుపు, చెవుడు, రోజుల తరబడి నిద్రలేమి కూడా ఈ కోవలోనివే.

తెలంగాణకు సంబంధించినంతవరకు ఈ కారణాలలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది కల్తీ కల్లు. చెట్టు నుండి దిగే కల్లు గిరాకీకి చాలనిచోట క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం, ఆల్ప్రాజోలం కలపడం చాలాకాలంగా సాగుతున్నది. 2015 సెప్టెంబరులో దాడులు ముమ్మరమై కల్తీ సరకు హఠాత్తుగా ఆగిపోగానే మహబూబ్‌నగర్, నిజామాబాద్ తదితర జిల్లాలలో ఎందరో వణుకు, ఫిట్స్, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. అప్పటికి రంగారెడ్డి జిల్లాలో ఉన్న మేడ్చల్, శామీర్‌పేట 2016 అక్టోబరులో కొత్త జిల్లాలో చేరాయి. 2025 జులైలో ఆ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే, కూకట్‌పల్లి ప్రాంతంలో, కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.

ఈ మందులు మెదడును నెమ్మదింపజేస్తాయి. అలవాటైన మెదడు అవి లేనప్పుడు అదుపు తప్పి ఉద్రేకిస్తుంది: నిద్ర పట్టదు, లేని మాటలు వినిపిస్తాయి, ఎవరో చంపవస్తున్నారని భయం. ఆల్ప్రాజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలే పడుతుంది కనుక ఒకటి రెండు రోజులకే లక్షణాలు బయటపడతాయి. డయాజిపాం అవశేషాలు రోజుల తరబడి నిలుస్తాయి. వారం గడిచాక వచ్చిన భయాన్ని కల్లుతో ముడిపెట్టాలని ఇంటివారికి తోచదు. తాగినది కల్లే కదా, మందు బిళ్ళలు కావు గదా!

అందువలన, కల్లు మానిన తేదీ నమోదు కాని పాత కేసు షీటులోని రోగనామాన్ని చరిత్రకారుడు యథాతథంగా స్వీకరించరాదు. చికిత్సకూ ఈ తేదీయే కీలకం: మానివేత వలన కలిగిన భ్రాంతికి స్కిజోఫ్రీనియా మందులు మాత్రమే ఇస్తే, వాటిలో కొన్ని ఫిట్స్ ముప్పును మరింత పెంచుతాయి.